కాశీబుగ్గ జీడిపప్పు యూనిట్‌కి డొమైన్ పేరు: ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

జీడిపిక్కలు కాల్చి, కొట్టి, పొర తీసి, గ్రేడు చేసే యూనిట్ ఇది. ఇన్నాళ్లూ సరుకు టిన్నుల్లో హోల్‌సేల్‌కే పోయింది. ఇకమీదట అరకిలో, పావుకిలో పౌచులు కూడా వేస్తారు. పౌచు వెనక ఫోన్ నంబరు, ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల లైసెన్సు నంబరు, వాటి పక్కన వెబ్‌సైట్ పేరు, అంటే డొమైన్ పేరు, పడాలి.

తొందరంతా ఆ పౌచు వల్లే. పౌచు ప్రింటింగుకి రంగుకో సిలిండర్ చెక్కుతారు. చెక్కాక ఒక్క అక్షరం మారినా ఆ సిలిండర్ మళ్లీ చేయించుకోవాల్సిందే. వెబ్‌సైట్ డిజైన్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు గానీ పేరు మారిస్తే పౌచులు, విజిటింగ్ కార్డులు, వ్యాన్ మీద రాత, మెయిల్ అడ్రసులు అన్నీ మార్చాలి. కాబట్టి సైటు పని పక్కన పెట్టి ముందు పేరు సంగతి తేలుస్తున్నాం.

పెట్టుకున్న షరతులు ఇవి. ఫోన్లో ఒక్కసారి చెబితే అవతలివాళ్లు తప్పు లేకుండా టైపు చేయగలగాలి. ట్రేడ్‌మార్కుకి పనికిరావాలి. డాట్ కామ్, డాట్ ఇన్ రెండూ దొరకాలి. రిజిస్ట్రేషన్ యూనిట్ పేరు మీదే ఉండాలి, డిజైన్ చేసేవాళ్ల ఖాతాలో కాదు. ట్రేడ్‌మార్కు దరఖాస్తు ఇంకా పడలేదు కాబట్టి ఖరారైన పేరుని ఈ డైరీలో రాయం. పక్కన పెట్టేసిన మాటలనే ఉదాహరణలుగా చూపిస్తాం.

రెండో రోజు

ముందు నియమాలు. డొమైన్ పేరులో ఒక్కో భాగానికి 63 అక్షరాల దాకా వీలుంది. ఇంగ్లీషులో రాసే పేరుకైతే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మధ్యలో అడ్డగీత మాత్రమే చెల్లుతాయి. అడ్డగీతతో మొదలుకాకూడదు, ముగియకూడదు. పెద్దబడి, చిన్నబడి తేడా లేదు. వీలుంది కదా అని పొడుగ్గా పెడితే పౌచు మీద అక్షరం చిన్నదైపోతుంది. చుక్కకి ముందు 12 అక్షరాలు దాటకూడదని అనుకున్నాం.

యజమాని గారి ఇంట్లోవాళ్లు, సైటు పని చూస్తున్న మేం కలిసి 31 పేర్లు రాశాం. మూడో వంతు చూడగానే పోయాయి. అంకె ఉన్నవి తీసేశాం. డబ్ల్యూ 320 అంటే పౌనుకి 300 నుంచి 320 గుళ్లు తూగే గ్రేడు అని వ్యాపారులకి తెలుసు, పౌచు కొనే ఇల్లాలికి తెలియదు. పైగా రేపు డబ్ల్యూ 240 కూడా అమ్మాలి. అడ్డగీత ఉన్నవీ వద్దనుకున్నాం. దాన్ని ఒకరు డ్యాష్ అంటారు, ఒకరు హైఫన్ అంటారు, ఇంకొకరు కింద గీత కొట్టేస్తారు. కింద గీత డొమైన్ పేరులో చెల్లదు.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తెలుగు మాటల దగ్గరే అసలు చిక్కు. మన మాటకి ఇంగ్లీషులో స్థిరమైన స్పెల్లింగ్ లేదు. 'జీడి'ని జె-ఇ-ఇ-డి-ఐ అని రాసేవాళ్లున్నారు, జె-ఐ-డి-ఐ అనీ రాస్తారు, చివర వై పెట్టేవాళ్లూ ఉన్నారు. 'ఉద్దానం' ఇంకా కష్టం. రెండు డిలా, ఒక డి పక్కన హెచ్చా? 'ఉ'కి ముందు 'వ' పలికే అలవాటు ఉన్నవాళ్లు వి-యు అని మొదలుపెడతారు. దీర్ఘం, ఒత్తు, త-థ, ద-ధ, మొదటి ఉకారం: ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ మాటకి కనీసం రెండు స్పెల్లింగులు పుడతాయి. అలాంటి మాటలు రెండు కలిపితే నాలుగు. ఆ నాలుగూ కొని పెట్టుకోవచ్చు గానీ, ఏటేటా నాలుగు రెన్యూవల్‌లు కట్టడం కన్నా వేరే మాట వెతుక్కోవడం తేలిక.

రెండు మాటల అతుకు దగ్గర కూడా చూడాలి. 'పలాస' పక్కన 'ఆగ్రో' పెడితే మధ్యలో రెండు ఇంగ్లీషు 'ఏ'లు పక్కపక్కన పడతాయి. టైపు చేసేవాళ్లలో సగం మంది ఒకటే కొడతారు. మొదటి మాట ఏ అక్షరంతో ముగిసిందో రెండోది దానితోనే మొదలైతే ఆ పేరు వదిలేశాం.

'పప్పు' ఉన్నవన్నీ కొట్టేశాం. స్పెల్లింగ్ బాగానే ఉంది. కానీ బరంపురం దాటి హిందీ వినబడే చోట సరుకు అమ్మాలంటే, అక్కడ ఆ మాట వెక్కిరింపుగా వాడతారు. 'కాజు' అయితే కె-ఎ-జె-యు. నాలుగు అక్షరాలు, ఇటు మనకీ అటు ఒడిశాలోనూ అర్థమవుతుంది. ఇంగ్లీషు 'క్యాష్యూ' స్పెల్లింగ్‌ని చెవితో విని సరిగ్గా రాసేవాళ్లు తక్కువ.

సాయంత్రానికి మిగిలినవి ఆరు.

నాలుగో రోజు

ఫోన్ పరీక్ష. యూనిట్‌తో లావాదేవీలున్న పన్నెండు మందికి ఫోన్ చేశాం. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం, విశాఖపట్నం, బరంపురంలో కిరాణా, స్వీటు షాపుల వాళ్లు. పద్ధతి ఇది: పేరు ఒక్కసారి మామూలుగా చెప్పాలి. స్పెల్లింగ్ చెప్పకూడదు. విన్నది విన్నట్టు వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో పంపమనాలి. ఒక్కొక్కరికీ మూడు పేర్లే చెప్పాలి. ఆరూ చెబితే నాలుగో పేరు నుంచి చెవి అలవాటు పడిపోతుంది, పరీక్ష చెడుతుంది.

తప్పులన్నీ ఒక కాగితం మీద రాసి చూస్తే, అనుకున్న చోటే పడ్డాయి. దీర్ఘం ఉన్న పేరుకి ఆరుగురిలో ముగ్గురు వేరే స్పెల్లింగ్ పంపారు. మేం అనుకోని తప్పు ఒకటి దొరికింది. 'స'తో ముగిసే ఒక పేరుని బరంపురం వ్యాపారి 'శ'గా విని మధ్యలో హెచ్ చేర్చారు. ఆ పేరు అక్కడికక్కడే పోయింది. ఆరుగురూ ఒకేలా పంపినవి రెండే రెండు. రెండింటిలోనూ దీర్ఘం లేదు, ఒత్తు లేదు, అతుకు దగ్గర జంట అక్షరం లేదు.

ఇంకో సంగతి తేలింది. చుక్క తరవాత ఏముందో మేం చెప్పలేదు. అయినా తొమ్మిది మంది వాళ్లంతట వాళ్లే డాట్ కామ్ చేర్చి పంపారు. పార్వతీపురం షాపాయన అడిగిన మాట: "డాట్ కామేనా బాబూ, ఇంకేటైనా ఉంటాదా?" అసలు సైటు దేని మీద పెట్టాలన్న ప్రశ్నకి దీనితో సగం జవాబు దొరికినట్టే.

ఐదో రోజు

మిగిలిన రెండు పేర్లకి మూడు తనిఖీలు చేశాం.

మొదటిది ట్రేడ్‌మార్కు. కేంద్ర ప్రభుత్వ ట్రేడ్‌మార్కు పబ్లిక్ సెర్చ్‌లో 29వ తరగతి కింద వెతికాం. ప్రాసెస్ చేసిన జీడిపప్పు, వేయించినదీ, మసాలా పట్టించినదీ ఆ తరగతిలోకే వస్తాయి. పచ్చి పిక్కలు 31లోకి. అక్షరాలా వెతకడం ఒక్కటే చాలదు. ఉచ్చారణ పోలికతో వెతికే ఫొనెటిక్ సెర్చ్ విడిగా ఉంది, అదీ చేయాలి. స్పెల్లింగ్ వేరైనా వినడానికి ఒకేలా ఉంటే అభ్యంతరం రావచ్చు.

ఇక్కడే యజమాని గారికి విడమరచి చెప్పాల్సి వచ్చింది. ఆయన మనసులో మొదటి నుంచీ ఉన్నది ఊరి పేరు, సరుకు పేరు కలిపి పెట్టడం. డొమైన్‌గా అది బాగానే ఉంటుంది. కానీ సరుకు ఎక్కడ పుట్టిందో, ఏ రకమో మాత్రమే చెప్పే మాటలని ట్రేడ్‌మార్కుగా ఇవ్వడానికి 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం సెక్షన్ 9 అడ్డొస్తుంది. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు వ్యాపారం చేసే ప్రతి ఒక్కరిదీ ఆ పేరు. పక్క యూనిట్ అలాంటిదే పెట్టుకుంటే ఆపలేం. డొమైన్ కొన్నంత మాత్రాన ట్రేడ్‌మార్కు హక్కు రాదు. ట్రేడ్‌మార్కు వేరేవాళ్లదైతే డొమైన్ చేజారవచ్చు. వివాదాలకి విడి నియమావళులున్నాయి: డాట్ కామ్ వివాదాలు యూడీఆర్‌పీ కింద, డాట్ ఇన్ వివాదాలు ఐఎన్‌డీఆర్‌పీ కింద తేలతాయి. అందుకే ఖరారు చేసే పేరులో ఒక మాట సరుకుదైతే, రెండో మాట సరుకుతో సంబంధం లేనిదై ఉండాలి.

రెండోది పేరు చరిత్ర. డొమైన్ ఖాళీగా ఉందంటే ఎప్పుడూ ఎవరూ వాడలేదని కాదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పేరు కొట్టి చూడాలి. రెండింటిలో ఒకదాని డాట్ కామ్ మీద కొన్నేళ్ల కిందట జూదం పేజీలు నడిచాయి. అలాంటి పేరు కొంటే పాత లింకులు, మెయిల్ బ్లాక్‌లిస్టుల మచ్చ మనకి అంటుకుంటుంది. అలాంటి బ్లాక్‌లిస్టులు నడిపే స్పామ్‌హాస్ వెతుకుడు పేజీలో కూడా చూసుకోవచ్చు. ఆ పేరు తీసేశాం.

మూడోది, మిగిలిన పేరుని గూగుల్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లో వెతకడం. అదే పేరుతో తిండి సరుకు అమ్మేవాళ్లెవరూ కనబడలేదు.

ఆరో రోజు

చుక్క తరవాత ఏది?

డాట్ కామ్ అసలు పేరుగా ఉంటుంది. జనం వేళ్లు దానికే అలవాటు పడ్డాయని నాలుగో రోజే తేలింది. డాట్ ఇన్ కూడా కొంటాం. టైపు చేస్తే డాట్ కామ్‌కి దారి మళ్లిస్తుంది. డాట్ ఇన్ నిర్వహణ నిక్సీది, అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియాది. 2005 నుంచి ఎవరైనా నేరుగా కొనుక్కునే వీలుంది. డాట్ కో డాట్ ఇన్ అవసరం లేదనుకున్నాం.

డాట్ స్టోర్, డాట్ షాప్ లాంటివి మొదటి ఏడాది చవగ్గా కనబడతాయి. ధర చూసేటప్పుడు రెన్యూవల్ ధరే చూడాలి. మొదటి ఏడాది 99 రూపాయలు, రెండో ఏడాది నుంచి 1,400 అనుకుంటే, ఐదేళ్లకి 5,699 అవుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ. బోర్డు మీద కనిపించేది మాత్రం 99. డబ్బు ఒక్కటే కాదు, ఫోన్లో 'డాట్ స్టోర్' అని చెబితే అవతలివాళ్లు దాని వెనక మళ్లీ డాట్ కామ్ తగిలిస్తారు.

కొన్ని ముగింపులకి మాత్రం నిజంగా విలువ ఉంది. బ్యాంకులన్నీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కి మారాలని రిజర్వు బ్యాంకు చెప్పింది, 2025 అక్టోబర్ 31 గడువు పెట్టింది. హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఆ పేర్లు ఇస్తుంది, దాని దగ్గర బ్యాంకులు తప్ప ఎవరూ ఆ పేరు తీసుకోలేరు. కట్టుదిట్టం ఉంది కాబట్టే ఆ ముగింపు మీద నమ్మకం. ఎవరైనా కొనుక్కోగలిగే ముగింపుకి ఆ బలం రాదు.

తెలుగు లిపిలో డాట్ భారత్ తీసుకుందామా అని చాలాసేపు మాట్లాడుకున్నాం. మాకు ఇష్టమైనదే. మన లిపిలో మన పేరు పౌచు మీద ఎంత అందంగా ఉంటుందో! స్పెల్లింగ్ గొడవ కూడా చాలావరకు తీరుతుంది. కానీ మెయిల్ అడ్రసుగా ఇంకా చాలా ఫారాలు ఒప్పుకోవు. ఇంకో సూక్ష్మమైన చిక్కు ఉంది. తెలుగులో పొల్లు తరవాత అక్షరాలు కలిసిపోకుండా మనం ఒక కనబడని గుర్తు వేస్తాం, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. 'కాజు స్టోర్‌లో' అన్నప్పుడు ర్ విడిగా నిలబడేది దానివల్లే. ఒకరి కీబోర్డు దాన్ని వేస్తుంది, ఇంకొకరిది వేయదు. చదివేవాళ్లకి రెండూ ఒకే మాట, కంప్యూటర్‌కి రెండు వేరు పేర్లు కావచ్చు. 'గుళ్లు', 'గుళ్ళు' కూడా రెండు పేర్లే. కాబట్టి తెలుగు లిపిలో తీసుకుంటే మాట మధ్యలో పొల్లు విడిగా నిలబడనిది, రెండు రకాలుగా రాయనిది ఎంచుకోవాలి. మా పేరు ఆ పరీక్షకి ఆగింది. మూడోదిగా అదీ తీసుకుంటున్నాం. ప్రస్తుతానికి దారి మళ్లించడానికే, మెయిల్‌కి కాదు.

ఎనిమిదో రోజు

రిజిస్ట్రేషన్. ఖాళీ ఉందో లేదో చూడటం, కొనడం ఒకే పూట కానిచ్చేశాం. ఇవాళ చూసి వారం తరవాత కొందామనుకోవడం మంచి పద్ధతి కాదు.

రిజిస్ట్రార్‌ని (డొమైన్ పేరు అమ్మే సంస్థని) ఎంచుకోవడానికి చూసినవి: డాట్ కామ్‌కి ప్రపంచ డొమైన్ పేర్ల వ్యవస్థని చూసే ఐకాన్ (ICANN) సంస్థ గుర్తింపు, డాట్ ఇన్‌కి నిక్సీ గుర్తింపు ఉండాలి. రెన్యూవల్ ధర కొనకముందే కనబడాలి. బదిలీ కోడ్ మనమే ఖాతాలోంచి తీసుకునే వీలుండాలి, మెయిల్ పెట్టి అడుక్కునేలా ఉండకూడదు. జీఎస్టీ నంబరు వేసిన బిల్లు ఇవ్వాలి, ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌లో వేసుకోవచ్చు. యూపీఐతో కట్టే వీలుండాలి. విదేశీ రిజిస్ట్రార్లలో చాలా చోట్ల మన కార్డుల మీద ఆటో డెబిట్ పడదు. రిజర్వు బ్యాంకు ఈ-మ్యాండేట్ నిబంధన ప్రకారం ముందు నమోదు చేసుకుని ఉండాలి. ఆటో రెన్యూ ఆన్‌లోనే ఉందనుకుంటాం, డబ్బు మాత్రం కదలదు.

ఖాతా తెరిచేటప్పుడు ఇచ్చిన మెయిల్ యజమాని గారి సొంత జీమెయిల్. కొనబోయే డొమైన్ మీద పెట్టే మెయిల్‌ని ఇక్కడ ఇవ్వకూడదు. డొమైన్ ఆగిన రోజున మెయిలూ ఆగుతుంది, పాస్‌వర్డ్ మార్చుకునే లింకు కూడా రాదు. తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకున్నట్టు అవుతుంది.

ఫారంలో వ్యక్తి పేరు, సంస్థ పేరు విడివిడిగా అడుగుతుంది. సంస్థ గడి నింపితే డొమైన్ హక్కుదారు సంస్థే అవుతుంది. యూనిట్ పేరు జీఎస్టీ సర్టిఫికెట్లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే వేశాం. ఎందుకంటే డాట్ ఇన్‌కి రిజిస్ట్రార్ ఆధారాలు అడగవచ్చు. అప్పుడు ఫారంలో పేరు ఒకటి, కాగితం మీద ఇంకొకటి ఉంటే డొమైన్ ఆగుతుంది. డాట్ ఇన్ మీద ప్రైవసీ సర్వీసు పేరుతో వివరాలు దాచడానికి నిక్సీ ఒప్పుకోదు. కాబట్టి ఇంటి అడ్రసు కాకుండా యూనిట్ అడ్రసు, వ్యాపారానికి వాడే ఫోన్ ఇచ్చాం.

బుట్టలో వేశాక డబ్బు కట్టేముందు ఆగి, పేరుని ఒక్కో అక్షరం వేలు పెట్టి పైకి చదివించాం. డొమైన్‌లో తప్పు పడితే దిద్దడం ఉండదు, మళ్లీ కొనడమే. అడగకుండానే చేరిపోయే హోస్టింగ్, వెబ్‌సైట్ బిల్డర్, సెక్యూరిటీ ప్యాక్‌ల టిక్కులు తీసేశాం. సైటుకి హెచ్‌టీటీపీఎస్ భద్రత ఇచ్చే సర్టిఫికెట్ కొనమంటుంది, అక్కర్లేదు. డాట్ కామ్ ఐదేళ్లకి, మిగిలినవి మూడేళ్లకి కట్టాం. ఎక్కువలో ఎక్కువ పదేళ్లకి కట్టవచ్చు.

తొమ్మిదో రోజు

ధ్రువీకరణ మెయిల్ వచ్చింది, స్పామ్ ఫోల్డర్లో దొరికింది. 15 రోజుల్లోగా ఆ లింకు నొక్కకపోతే డాట్ కామ్ ఆపేస్తారు. డబ్బు కట్టినా సైటు పోయిందని కంగారు పడేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే.

డొమైన్ వేరే రిజిస్ట్రార్‌కి మారిపోకుండా ట్రాన్స్‌ఫర్ లాక్ ఆన్ చేశాం. రెండంచెల లాగిన్‌ని ఎస్ఎంఎస్‌కి కాకుండా యాప్‌కి ముడిపెట్టాం. రికవరీ కోడ్‌లు ప్రింటు తీసి జీఎస్టీ కాగితాల ఫైలులో పెట్టి బీరువాలో ఉంచాం. ఫోన్ పోయినా ఖాతా పోదు.

పదకొండో రోజు

డీఎన్ఎస్, అంటే పేరుని సర్వర్ చిరునామాగా మార్చి చెప్పే వ్యవస్థ. రోజంతా దీనికే సరిపోయింది.

ఆ జవాబులిచ్చే నేమ్‌సర్వర్లు రిజిస్ట్రార్‌వే ఉంచాం. పెట్టాల్సిన రికార్డులు తక్కువే: ఉత్త పేరుకి (ముందు ట్రిపుల్ డబ్ల్యూ లేనిదానికి) సర్వర్ ఐపీ చిరునామా చెప్పే 'ఏ' (A) రికార్డు, ట్రిపుల్ డబ్ల్యూకి ఇంకో పేరు వైపు చూపే సీనేమ్. మెయిల్‌వి తరవాత.

మొదటి తప్పు పొద్దున్నే బయటపడింది. సైటు ఒకసారి మనది వస్తోంది, ఇంకోసారి రిజిస్ట్రార్ ప్రకటనల పేజీ వస్తోంది. రికార్డుల జాబితా కిందకి జరిపి చూస్తే, కొన్న రోజునే రిజిస్ట్రార్ పెట్టిన పార్కింగ్ 'ఏ' రికార్డు (ఆ ప్రకటనల పేజీ వైపు చూపేది) అలాగే ఉంది. మనం పెట్టినది దాని పక్కన రెండోదిగా చేరింది. ఒకే పేరుకి రెండు ఐపీలుంటే డీఎన్ఎస్ రెండూ ఇస్తుంది, బ్రౌజర్ ఏదో ఒకటి ఎత్తుకుంటుంది. కొత్తది పెట్టడంతో పని అయిపోదు, పాతది తీసేయాలి.

రెండోది, పేరు గడిలో ఏం రాయాలన్న సంగతి. ట్రిపుల్ డబ్ల్యూకి రికార్డు పెట్టేటప్పుడు ఆ గడిలో మూడు డబ్ల్యూలు మాత్రమే రాయాలి. ఉత్త పేరుకైతే ఎట్ గుర్తు. మొత్తం డొమైన్ రాస్తే చాలా ప్యానెళ్లు దాని వెనక డొమైన్‌ని మళ్లీ అతికిస్తాయి, పేరు రెండుసార్లు వచ్చిన రికార్డు తయారవుతుంది. ఎర్రర్ చూపించదు, పనీ చేయదు.

ఉత్త పేరుకి సీనేమ్ పెట్టమని కొన్ని వెబ్‌సైట్ బిల్డర్లు చెబుతాయి. అది చెల్లదు. సీనేమ్ ఉన్న చోట వేరే రికార్డు ఉండకూడదు, ఉత్త పేరు దగ్గర డొమైన్ వివరాలు, నేమ్‌సర్వర్లు చెప్పే ఎస్ఓఏ, ఎన్ఎస్ రికార్డులు తప్పనిసరిగా ఉంటాయి. అక్కడ 'ఏ' రికార్డే పెట్టాలి.

పని మొదలుపెట్టేటప్పుడు టీటీఎల్ (రికార్డు జవాబుని ఇతర సర్వర్లు ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పే గడువు) 300 సెకన్లు పెట్టాం. తప్పు దిద్దితే ఐదు నిమిషాల్లో కనబడుతుంది. అన్నీ కుదిరాక 3,600 చేశాం. '48 గంటలు ఆగండి' అని అందరూ చెప్పే మాట రికార్డు మార్పుల గురించి కాదు. నేమ్‌సర్వర్లనే మారిస్తే, డాట్ కామ్ రిజిస్ట్రీ దగ్గర ఆ సమాచారం టీటీఎల్ 1,72,800 సెకన్లు, అంటే రెండు రోజులు. 'ఏ' రికార్డు మార్చి రెండు రోజులు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. డీఎన్ఎస్‌ని అడిగి చూసే డిగ్ కమాండ్‌తో ముందు మన నేమ్‌సర్వర్‌నే నేరుగా అడగాలి. అక్కడే తప్పుంటే ఎన్నాళ్లు ఆగినా రాదు. అక్కడ సరిగ్గా ఉంటే తరవాత గూగుల్, క్లౌడ్‌ఫ్లేర్‌ల పబ్లిక్ డీఎన్ఎస్‌లు 8.8.8.8ని, 1.1.1.1ని అడిగి చూడాలి.

డీఎన్ఎస్ జవాబులకి సంతకం చేర్చే డీఎన్ఎస్‌సెక్ ఆన్ చేసి ఉన్నప్పుడు నేమ్‌సర్వర్లు మార్చాలంటే ముందు రిజిస్ట్రార్ దగ్గర ఆ సంతకాన్ని సరిచూడటానికి వాడే డీఎస్ రికార్డు తీసేయాలి. లేకపోతే సంతకం సరిచూసే రిజాల్వర్లన్నీ (జనం తరఫున పేర్లు వెతికే సర్వర్లు) పేరుని తిరస్కరిస్తాయి. ఇప్పుడు మార్చడం లేదు గానీ రిజిస్టర్‌లో రాసిపెట్టాం.

పన్నెండో రోజు

లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం, 90 రోజులది, సర్వర్ దానంతట అదే తిరగతీసుకుంటుంది. ఇవాళ మాత్రం రావడం లేదు. ఆఫీసు వైఫైలో సైటు బాగానే ఉంది, యజమాని గారి మొబైల్ డేటాలో రాదు.

రెండింటికీ కారణం ఒకటే. పార్కింగ్ 'ఏ' రికార్డు నిన్న తీసేశాం, దాని జత ఏఏఏఏ రికార్డు మిగిలిపోయింది. అది ఐపీవీ6 అనే కొత్త రకం ఐపీ చిరునామా. ఆఫీసు వైఫై పాత రకం ఐపీవీ4 మాత్రమే కాబట్టి మాకు తెలియలేదు. మొబైల్ నెట్‌వర్కు ఐపీవీ6కే మొగ్గుతుంది, పాత చోటికి వెళ్తోంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ కూడా ఏఏఏఏ ఉంటే ముందు దాన్నే చూస్తుంది. రికార్డు తీసేశాక సర్టిఫికెట్ వచ్చింది. మధ్యలో ఊరికే మళ్లీ మళ్లీ నొక్కకూడదు, ఒకే పేరుకి గంటలో ఐదుసార్లు విఫలమైతే కాసేపు ఆపేస్తారు. సైటు వచ్చిందో లేదో ఎప్పుడైనా వైఫై ఆపేసి మొబైల్ డేటాలో కూడా చూడాలి. పౌచు చూసి టైపు చేసేవాళ్లలో ఎక్కువమంది ఫోన్లోనే చూస్తారు.

డాట్ ఇన్ దారి మళ్లింపుకి రిజిస్ట్రార్ ఫార్వర్డింగ్ వాడితే హెచ్‌టీటీపీఎస్‌తో వచ్చినవాళ్లకి 'సురక్షితం కాదు' అని చూపించింది. దారి మళ్లే పేరుకి కూడా సర్టిఫికెట్ ఉండాలి. ఫార్వర్డింగ్ తీసేసి, డాట్ ఇన్‌ని, డాట్ భారత్‌ని మన సర్వర్‌కే తెచ్చి, వాటికీ సర్టిఫికెట్ తీసుకుని, అక్కడి నుంచి శాశ్వత దారి మళ్లింపు అయిన 301తో డాట్ కామ్‌కి పంపాం.

పద్నాలుగో రోజు

మెయిల్. ఆర్డర్లకి ఒకటి, లెక్కలకి ఒకటి. మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే ఎమ్ఎక్స్ రికార్డులు మెయిల్ సర్వీసు చెప్పినట్టే పెట్టి, పాతవి తీసేశాం. మన పేరుతో మెయిల్ ఎవరు పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక పేరుకి ఒక్కటే ఉండాలి. మెయిల్‌కి ఒకటి, బిల్లులు పంపే సాఫ్ట్‌వేర్‌కి ఇంకొకటి అని రెండు పెడితే రెండూ చెల్లవు, ఒకదానిలోనే రెండింటినీ చేర్చాలి. దాని లోపల డీఎన్ఎస్ వెతుకులాటలు పది దాటకూడదు. మెయిల్ మనమే పంపామని సంతకంతో రుజువు చేసే డీకిమ్ తాళం (కీ) 2,048 బిట్లది, ఒక టెక్స్ట్ ముక్కకి 255 అక్షరాల హద్దు ఉంది కాబట్టి రెండు ముక్కలుగా కొటేషన్ గుర్తుల్లో పెట్టాల్సి వచ్చింది. ఈ పరీక్షలు తప్పిన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే డీమార్క్ మొదట గమనించే స్థాయిలోనే ఉంచాం, రిపోర్టులు చూశాక బిగిస్తాం. డాట్ ఇన్ నుంచి మెయిల్ వెళ్లదు కాబట్టి, ఆ పేరుతో ఏ మెయిల్ వచ్చినా తిప్పికొట్టమని ఎస్‌పీఎఫ్, డీమార్క్ రెండింటిలోనూ రాశాం.

జీమెయిల్‌కి పంపి, 'షో ఒరిజినల్' తెరిచి చూశాం. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పాస్.

పదిహేనో రోజు

ఫోన్లు మొదలయ్యాయి. కొత్తగా డొమైన్ తీసుకున్న ప్రతివాళ్లకీ వస్తాయి. వెబ్‌సైట్ చేస్తామనేవాళ్లు సరే. 'మీ డొమైన్ గూగుల్‌లో నమోదు గడువు అయిపోతోంది, కట్టండి' అనే మెయిల్ బిల్లులాగే ఉంటుంది, బిల్లు కాదు. 'మీ పేరుని చైనాలో ఎవరో రిజిస్టర్ చేస్తున్నారు, వెంటనే జవాబివ్వండి' అనేదీ పాత మోసమే. లెక్కలు చూసే అమ్మాయికి ఒక్కటే చెప్పాం: డొమైన్‌కి డబ్బు కట్టాలంటే మెయిల్లో లింకు నొక్కొద్దమ్మా, రిజిస్ట్రార్ సైటు నువ్వే తెరిచి, ఖాతాలో బాకీ కనబడితేనే కట్టు.

పద్దెనిమిదో రోజు

రెన్యూవల్ పేజీ. గడువు దాటితే ఏమవుతుందో రాసి గోడకి అంటించాం. డాట్ కామ్‌కైతే గడువు దాటాక రిజిస్ట్రార్ ఇచ్చే వెసులుబాటు 45 రోజుల దాకా ఉండవచ్చు, కానీ సైటు, మెయిల్ చాలాచోట్ల వెంటనే ఆగుతాయి. రిజిస్ట్రార్ తొలగించాక 30 రోజులు రిడెంప్షన్, అప్పుడు వెనక్కి తెచ్చుకోవాలంటే మామూలు రుసుము మీద పెద్ద అదనపు రుసుము పడుతుంది. తరవాత 5 రోజులు ఎవరూ ఏమీ చేయలేరు. ఆపైన ఎవరు ముందు పట్టుకుంటే వాళ్లది.

మన గడువు అక్టోబర్‌లో పడింది, అది మాకు నచ్చలేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఈ పలాస, వజ్రపుకొత్తూరు తీరం మీదే విరుచుకుపడింది. జీడి, కొబ్బరి తోటలు నేలకొరిగాయి, కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. అలాంటి వారంలో ఓటీపీ రావాలి, డబ్బు కట్టాలి అంటే కుదరదు. గడువు తేదీని జరపలేం గానీ ముందే కట్టవచ్చు. ముందు కట్టినా రోజులు పోవు, ఉన్న గడువు మీదే ఏడాది కలుస్తుంది. కాబట్టి గడువు ముగిసే ఏడాది జూన్‌లో, జీడి సీజను డబ్బు చేతిలో ఉండగానే కట్టాలని రిజిస్టర్‌లో, ఇద్దరి ఫోన్ క్యాలెండర్లలో రాశాం.

ఇరవై రెండో రోజు

పౌచు ప్రూఫ్ వచ్చింది. డిజైనర్ పేరు ముందు హెచ్‌టీటీపీఎస్, ట్రిపుల్ డబ్ల్యూ పెట్టారు. రెండూ తీయించాం. ఉత్త పేరు చాలు, అక్షరం ఆ మేరకి పెద్దదవుతుంది. మొత్తం చిన్నబడిలో పెట్టమన్నాం. ఎంచిన ఫాంటులో ఆర్, ఎన్ పక్కపక్కన పడితే ఎమ్ లాగా కనబడుతోంది, అక్షరాల మధ్య దూరం పెంచాలి. క్యూఆర్ కోడ్‌ని ఏదో ఉచిత సైటులో చేశారు. స్కాన్ చేస్తే ముందు ఆ సైటుకి వెళ్లి, అక్కడి నుంచి మన దగ్గరికి వస్తోంది. ఆ సైటు మూతపడిన రోజున ప్రింటయిన పౌచులన్నిటి మీదా కోడ్ చచ్చిపోతుంది. నేరుగా మన డొమైన్ ఉన్న కోడ్ చేసి ఇచ్చాం.

రెండో ప్రూఫ్ సాయంత్రం వచ్చింది. పేరుని చివరి అక్షరం నుంచి మొదటికి, వెనక నుంచి ముందుకి చదివాం. తెలిసిన మాటని ముందు నుంచి చదివితే కన్ను తప్పుని దాటేస్తుంది. ప్రింటు తీసి పావుకిలో పౌచు సైజుకి కత్తిరించి, పప్పు నింపిన సంచీకి చుట్టి, ట్యూబ్‌లైటు కింద ఫోన్‌తో కోడ్ స్కాన్ చేశాం. సంచీ వంపు మీద కూడా తెరుచుకుంది. యజమాని గారు సంతకం చేశారు. ట్రేడ్‌మార్కు దరఖాస్తు రేపు పడుతుంది, చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ జత చేస్తే తరగతికి రుసుము 4,500.